ఉక్కపోత ఊళ్లలో చెవి మిషన్‌ని కాపాడుకోవడం ఎలా?

డబ్బాలో పోసిన ఉప్పు వారం తిరక్కుండా నీరుకారే ఊళ్లు మనవి. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఏ దిక్కుకి వెళ్లినా కాలవలు, చేపల చెరువులు, వరిచేలు, కొబ్బరితోటలు, వాటి అవతల సముద్రం. గాలిలో చెమ్మ లేని రోజు అరుదు. ఆ గాలిలో, పైగా చెమట కారే చెవి వెనక, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పనిచేయాల్సిన ఎలక్ట్రానిక్ సామాను చెవి మిషన్. ఖరీదు చూస్తే వేలల్లో మొదలై లక్షలు దాటిపోతుంది. కింద పడి పగిలిన వాటికన్నా, లోపల చెమ్మ చేరి మూగబోయినవే మన వైపు నాకు ఎక్కువ కనిపిస్తాయి.

మిషన్‌తో పాటు కంపెనీ ఇచ్చే చిన్న పుస్తకం ఏ దేశం వాళ్లకైనా పనికొచ్చేలా రాసి ఉంటుంది. దాన్ని చదవండి, లేదా పిల్లల చేత చదివించుకోండి. కానీ అమలాపురంలోనో ఆకివీడులోనో ఉండేవాళ్లకి, అందులో ఒక మూలన రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే చెమ్మ సంగతే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే ఇక్కడ దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మీది ఏ రకమో చూసుకోండి

చెవి వెనక కూర్చుని, మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ద్వారా చెవిలోని అచ్చుకి శబ్దం పంపేది ఒక రకం. ఆ అచ్చుని మౌల్డు అంటారు, మీ చెవి కొలత తీసి చేస్తారు. రెండో రకంలోనూ మిషన్ చెవి వెనకే ఉంటుంది గానీ, గొట్టానికి బదులు సన్నటి తీగ చెవిలోకి వెళ్తుంది. తీగ చివర చిన్న స్పీకరు, దానికి డోమ్ అనే మెత్తటి సిలికాన్ తొడుగు ఉంటాయి. మూడోది పూర్తిగా చెవిలోనే ఇమిడిపోయేది. చొక్కా జేబులో పెట్టుకుని వైరు చెవికి తగిలించుకునే పాత రకం ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ల దగ్గర ఉంది, అది పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది.

ఏది కడగొచ్చో ఏది కడగకూడదో ఈ తేడా మీదే ఆధారపడుతుంది. మొదటి రకంలో మౌల్డుని మిషన్ నుంచి విడదీసి కడగొచ్చు. మిషన్‌కి మాత్రం, అది ఏ రకమైనా, తీగకీ, స్పీకరుకీ నీళ్లు తగలనివ్వకూడదు.

రెండు చెవులకీ మిషన్లు ఉంటే వాటి మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు కుడి చెవిది, నీలం ఎడమ చెవిది. ఒక్కో చెవికి ఎంత వినికిడి తగ్గిందో దాన్నిబట్టి ఆ మిషన్‌ని సెట్ చేస్తారు కాబట్టి తారుమారైతే వినపడేది కూడా తారుమారవుతుంది. మిషన్ మీదున్న సీరియల్ నంబరు, కొన్న బిల్లు ఈ రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీ అడిగేటప్పుడు వెతుక్కునే టెన్షన్ ఉండదు.

రాత్రి పడుకునే ముందు

రోజు మొత్తంలో మిషన్‌కి మీరు చేసే అసలు సేవ ఇదే. అయిదు నిమిషాల పని.

చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకోండి. మంచం మీదో, మెత్తటి తువ్వాలు పరిచిన బల్ల దగ్గరో కూర్చోండి. గచ్చు మీద నిలబడి, అందులోనూ వాష్‌బేసిన్ దగ్గర, ఈ పని పెట్టుకోకండి. వేళ్లు జారాయంటే అంతే.

మిషన్ తీసి, పొడిగా ఉన్న మెత్తటి నూలు గుడ్డతో ఒళ్లంతా తుడవండి. కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ అయితే ఇంకా మంచిది. ఆ గుడ్డని దీనికే ఉంచండి. వారానికోసారి ఉతకండి, లేకపోతే నిన్నటి నూనెని ఇవాళ మళ్లీ మిషన్‌కే పూసినట్టవుతుంది. స్పిరిట్టు, శానిటైజరు, సెంటు, కళ్లద్దాలకి కొట్టే లిక్విడ్ ఏవీ వద్దు. తడి టిష్యూ కూడా వద్దు.

తర్వాత మిషన్‌తో ఇచ్చిన చిన్న బ్రష్ తీసుకోండి. మైక్ రంధ్రాలు, స్పీకరు మూతి నేల వైపు ఉండేలా మిషన్‌ని తలకిందులుగా పట్టుకుని బ్రష్ చేయండి. మామూలుగా పట్టుకుని రుద్దితే రాలిన పొడి తిరిగి లోపలికే పోతుంది. మైక్ రంధ్రాలు సాధారణంగా మిషన్ పైభాగంలో రెండు ఉంటాయి, కంటికి ఆనవు. వాటిలో టాల్కం పౌడరు, తవుడు దుమ్ము, కొబ్బరి పీచు పొడి చేరాయంటే, మిషన్ బాగానే ఉన్నా మాటలు మసకగా వినిపిస్తాయి.

మీది సెల్ మార్చే రకమైతే ఇప్పుడు సెల్ బయటికి తీసేయండి. సెల్ మూత పూర్తిగా తెరిచే ఉంచండి. లోపలి చెమ్మ బయటికి పోయే ముఖ్యమైన దారి అదే. సెల్‌ని కూడా పొడి గుడ్డతో తుడవండి. మూత లోపల ఉండే చిన్న రేకుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే దాన్ని గీకకండి. మిషన్లు అమ్మి, బాగుచేసే వినికిడి సెంటరుకి తీసుకెళ్లండి. చిలుము పట్టిందంటే చెమ్మ ఇప్పటికే కాపురం పెట్టేసిందని అర్థం.

ఇక ఆరబెట్టడం. దీనికి గాలి చొరబడని మూతున్న డబ్బా ఒకటి, చెమ్మని పీల్చుకునే సిలికా జెల్ గింజలు ఒక గుప్పెడు కావాలి. వినికిడి సెంటర్లలో డ్రై కిట్ పేరుతో రెండూ కలిపి అమ్ముతారు. విడిగా కొనుక్కున్నా సరే. బిగువైన మరమూత ఉన్న పాత హార్లిక్స్ సీసా చక్కగా పనికొస్తుంది. గింజల్ని పల్చటి గుడ్డలో మూటకట్టి అడుగున వేసి, పైన చిన్న ప్లాస్టిక్ గిన్నెలో మిషన్ పెట్టి, మూత బిగించండి. పొద్దున్నదాకా అలా ఉండనివ్వండి.

రంగు మారే గింజలే కొనండి. ఆరెంజ్ రంగువి చెమ్మ పీల్చుకున్నాక ఆకుపచ్చగా మారతాయి, కొన్ని రకాలు రంగే పోగొట్టుకుంటాయి. నీలంవి గులాబీ రంగుకి తిరుగుతాయి. నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఒంటికి మంచిది కాదు. ఇంట్లో పిల్లలుంటే ఆరెంజ్ రంగువే మేలు. రంగు మారిన గింజల్ని పారేయక్కర్లేదు. వంటకి వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద, అప్పుడప్పుడూ కలుపుతూ, పాత రంగు వచ్చేదాకా వేడిచేసి, బాగా చల్లారాక డబ్బాలో వేయండి. మాడనివ్వకండి. వేసవిలో ఎన్నాళ్లకోసారి వేడి చేస్తున్నారో చూసుకోండి. శ్రావణ భాద్రపదాల్లో అంతకన్నా తరచుగా చేయాల్సి వస్తుంది. చెప్పుల డబ్బాలో, మందు సీసాలో వచ్చే తెల్లటి పొట్లాలతో సరిపెట్టుకుందాం అనుకుంటారు కొందరు. అవి మీ చేతికి వచ్చేసరికే సగం నిండిపోయి ఉంటాయి. పైగా రంగు మారవు కాబట్టి పనిచేస్తున్నాయో లేదో తెలియదు.

తీసిన సెల్‌ని మాత్రం ఈ డబ్బాలో వేయకండి, బయటే ఉంచండి. సెల్ లోపల ఉండాల్సిన తడిని కూడా గింజలు లాగేసి దాన్ని తొందరగా చంపేస్తాయి.

ధాన్యానికి పెట్టింది పేరైన సీమ కదా, తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం మనకి అలవాటు. చెవి మిషన్‌ని పెట్టకండి. బియ్యం మీద ఉండే సన్నటి పిండి, తవుడు మైక్ రంధ్రాల్లోకి వెళ్లి కూర్చుంటాయి. సిలికా జెల్ లాగినంత చెమ్మని బియ్యం లాగలేవు కూడా. హెయిర్ డ్రయ్యరు, ఎండ, పొయ్యిగట్టు, టీవీ వెనకాల వేడి, ఇవేవీ వద్దు. వేడికి లోపలి అతుకులు, ప్లాస్టిక్కు దెబ్బతింటాయి. ఫ్రిజ్‌లో అసలు వద్దు. బయటికి తీయగానే చల్లటి మిషన్ మీద నీటి ముత్యాలు పట్టేస్తాయి.

కరెంటుతో పనిచేసే చిన్న డ్రయ్యరు డబ్బాలు కూడా దొరుకుతాయి. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి, చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకి నేను అదే కొనమంటాను. మిషన్ ధరతో పోలిస్తే దాని ధర ఏపాటిది?

ఛార్జింగ్ మిషన్లకి ఈ తంతు కొంచెం వేరు. తుడవడం, బ్రష్ చేయడం అంతా అదే. తర్వాత ఛార్జింగ్ డబ్బాలో పెట్టాలి. కొన్నిటికి ఆ డబ్బాలోనే ఆరబెట్టే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొనేటప్పుడే అడగండి. లేకపోతే చెమట పట్టిన రోజుల్లో ఒక గంటో రెండు గంటలో సిలికా డబ్బాలో ఉంచి, ఆ తర్వాతే ఛార్జింగ్‌కి పెట్టండి. తడి మీద ఛార్జింగ్ పెడితే ఛార్జింగ్ పిన్నుల మీద చిలుము పడుతుంది.

పొద్దున్న పెట్టుకునే ముందు

స్నానం, తలకి నూనె, పౌడరు, గడ్డం, జుట్టుకి రంగు, సెంటు అన్నీ అయిపోయాక ఆఖరున మిషన్. ఈ వరస తప్పకూడదు. కొబ్బరినూనె దండిగా పెట్టుకునే అలవాటున్నవాళ్లు చెవి వెనక భాగాన్ని గుడ్డతో ఒకసారి తుడుచుకుని పెట్టుకోండి. నూనె మైక్ మీది పల్చటి పొరకి పడితే దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. నూనె తగిలి గొట్టం కూడా త్వరగా గట్టిపడుతుంది. సాయంత్రం గదిలో దోమల స్ప్రే కొట్టేటప్పుడు మిషన్‌ని తీసి డబ్బాలో పెట్టండి. మంగలి దగ్గర కూర్చునే ముందూ అంతే.

పెట్టుకునే ముందు మిషన్ ఆన్ చేసి గుప్పిట్లో మూయండి. కుయ్యిమని కూస్తే సెల్ బాగుంది, స్పీకరు బాగుంది. కూత సన్నగా ఉన్నా, అసలు రాకపోయినా కింద చెప్పిన పరీక్షలు చేయండి. కొన్ని కొత్త మిషన్లు కూతని వాటంతటవే అణిచేస్తాయి, వాటి విషయంలో ఈ పరీక్ష నమ్మకండి. ఇంట్లో వాళ్లు విని చూడటానికి స్టెతస్కోపులాంటి చిన్న గొట్టం దొరుకుతుంది. చిన్నపిల్లలకి మిషన్ పెట్టే తల్లులు అది తప్పకుండా కొనుక్కోవాలి. పిల్లలు ‘వినపడట్లేదమ్మా’ అని చెప్పరు, ఊరికే ఆడుకుంటూ ఉండిపోతారు.

వారానికోసారి మౌల్డు కడగడం

మిషన్‌ని ఒక చేత్తో, గొట్టాన్ని ఇంకో చేత్తో పట్టుకుని, మిషన్ కొక్కెం నుంచి మెల్లగా తిప్పుతూ గొట్టాన్ని లాగండి. మౌల్డుని పట్టుకుని లాగితే గొట్టం ఊడి చేతికొస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి మౌల్డుని కాసేపు నాననిచ్చి, మెత్తటి పళ్ల బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడగండి. గొట్టంలో నీటి బొట్టు మిగిలితే శబ్దం ముందుకు పోదు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి బొట్టుని బయటికి తోయండి. నోటితో ఊదకండి, ఊపిరిలోనూ చెమ్మే ఉంటుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే తగిలించండి. కుడిది కుడికి, ఎడమది ఎడమకి.

గొట్టం పసుపురంగుకి తిరిగి బిరుసెక్కితే మార్పించేయండి. మూడు నెలల నుంచి ఆరు నెలల్లో ఆ పరిస్థితి వస్తుంది. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ. పగిలిన మౌల్డుకి ఫెవిక్విక్ రాసి పెట్టుకునేవాళ్లున్నారు. చెవిలో చర్మం రేగిపోతుంది, మానేయండి.

ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయట ఎండలోకి వస్తే గొట్టంలో నీటి చుక్కలు పట్టడం చూస్తారు. అది మిషన్ పాడవడం కాదు. తీసి బుడ్డితో గాలి కొడితే సరిపోతుంది.

గుబిలి

చెమ్మ తర్వాత రెండో శత్రువు ఇదే. తీగ రకంలో, చెవిలో ఇమిడే రకంలో స్పీకరు మూతి దగ్గర చిన్న తెల్లటి జల్లెడ ఉంటుంది, వ్యాక్స్ గార్డ్ అంటారు. గుబిలి లోపలికి పోకుండా అదే ఆపుతుంది. అది నిండిపోతే మిషన్ చచ్చిపోయిందనే అనిపిస్తుంది. కొత్త గార్డులు చిన్న పుల్లలతో ప్యాకెట్టుగా వస్తాయి. పుల్ల ఒక చివరతో పాతది లాగి, రెండో చివరతో కొత్తది నొక్కడమే. సెంటరులో ఒకసారి వాళ్ల ముందే మీ చేత్తో చేసి చూపించండి. పిన్నీసు, సూది, చీపురుపుల్ల మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఒక్క పోటుకి స్పీకరు పొర చిరిగిపోతుంది. స్పీకరు మార్చాలంటే వేలల్లో మాట. డోమ్ అరిగినా, రంగు మారినా, వదులైనా మార్చేయాలి. చెవిలోంచి తీసినప్పుడు డోమ్ కనిపించకపోతే అది లోపలే ఉండిపోయి ఉంటుంది. మీరు కెలక్కుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చెవిలో నూనె పోసుకోవడం మానేయాలి. తలంటు రోజున రెండు చుక్కలు వేయకపోతే మా అమ్మమ్మల తరానికి మనసొప్పదు గానీ, మిషన్ పెట్టుకునే చెవిలో నూనె అంటే స్పీకరులో నూనె. ఇయర్ బడ్స్ గుబిలిని ఇంకా లోపలికి తోస్తాయి. మిషన్ వాడేవాళ్లకి గుబిలి కొంచెం ఎక్కువ పేరుకునే వీలుంది కాబట్టి ఆర్నెల్లకోసారి డాక్టరు చేత చూపించుకోవడం మంచిది. చెవి కారుతుంటే, చీము వాసన వస్తుంటే మౌల్డు పెట్టుకోవడం ఆపి ముందు వైద్యం చేయించుకోండి.

సెల్ సంగతులు

జేబు రకం తప్ప, మిగతా చెవి మిషన్లలో వేసే సెల్ గాలితో పనిచేస్తుంది. జింక్ ఎయిర్ అంటారు. రంగు స్టిక్కర్ పీకగానే అడుగున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోయి పని మొదలవుతుంది. అందుకే స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు మిషన్‌లో వేయండి. వెంటనే వేస్తే ‘కొత్త సెల్లూ పనిచేయట్లేదు’ అనిపిస్తుంది. ఒకసారి పీకిన స్టిక్కర్ మళ్లీ అంటించినా సెల్ ఆగదు, అయిపోతూనే ఉంటుంది. కాబట్టి అవసరమైనప్పుడే పీకండి.

స్టిక్కర్ రంగే సైజు గుర్తు. పసుపు 10, గోధుమరంగు 312, ఆరెంజ్ 13, నీలం 675. చదువు రాని పెద్దవాళ్లకి రంగు చెబితే చాలు, మనవడిని షాపుకి పంపేటప్పుడు పాత స్టిక్కర్ చేతిలో పెడితే ఇంకా మంచిది. చిన్న సెల్ కొద్ది రోజులు, పెద్ద సెల్ రెండు వారాలదాకా వస్తుంది. ఎంత వినికిడి తగ్గింది, రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు, ఫోన్‌కి బ్లూటూత్ కలిపారా అన్నదాన్నిబట్టి తేడా ఉంటుంది. మీ సెల్ ఎన్నాళ్లు వస్తోందో క్యాలెండర్ మీద గీత పెట్టి చూడండి. ఎప్పుడూ వచ్చేదానికన్నా సగం రోజులకే అయిపోతుంటే లోపల చెమ్మ ఉందని అనుమానించాలి.

ఒక జాగ్రత్త. నీలం సైజు సెల్, వాచీ షాపుల్లో దొరికే ఎల్‌ఆర్ 44 బటన్ సెల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మిషన్‌లో సరిగ్గా సరిపోతాయి కూడా. కానీ వాచీ సెల్ చెవి మిషన్‌కి కావాల్సిన కరెంటు ఇవ్వలేదు. ప్యాకెట్టు మీద పీఆర్ అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి. నీలానికి పీఆర్ 44, ఆరెంజ్‌కి పీఆర్ 48, గోధుమరంగుకి పీఆర్ 41, పసుపుకి పీఆర్ 70 అని ఉంటుంది. గడువు తేదీ కూడా చూసి కొనండి. ఏడాదికి సరిపడా ఒక్కసారే కొని నిల్వ చేయకండి, మన చెమ్మకి అవి ఆగవు.

ఈ రకం సెల్ మెల్లమెల్లగా నీరసించదు. బాగా పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందు రెండు మూడు బీప్‌లు వినిపిస్తాయి. బీప్ కూడా వినపడనంత చెవుడు ఉన్నవాళ్లు జేబులో ఎప్పుడూ ఒక కొత్త సెల్ ఉంచుకోవాలి. చిల్లర ఉన్న జేబులో కాదు, నాణేలు తగిలితే షార్ట్ అవుతుంది.

పాత సెల్‌ని కిటికీలో పెట్టి వదిలేయడం ప్రమాదం. పసిపిల్లలు మింగేస్తారు, ముక్కులో దోపుకుంటారు. మింగితే కొద్ది గంటల్లోనే లోపల పుండు పడుతుంది. కక్కించడానికి ప్రయత్నించకుండా, ఏమీ తినిపించకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండి మీద ఆసుపత్రికి పరుగెత్తండి. పాత సెల్లన్నీ ఒక మూత డబ్బాలో వేసి, సెంటరుకి వెళ్లినప్పుడు ఇచ్చేయండి. భోగిమంటలో పాత సామానుతో పాటు మాత్రం విసరకండి, పేలతాయి.

వాన, వరద, రేవు

చాలా కొత్త మిషన్ల పెట్టె మీదో, పుస్తకంలోనో ఐపీ 68 అని రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముని, రెండోది నీటిని ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. ఆ పరీక్ష చేసేది మంచినీటిలో, కొత్త మిషన్ మీద. ఉప్పునీటికీ, సబ్బునీటికీ, రెండేళ్ల చెమటకీ అది హామీ కాదు. కాబట్టి ఆ ముద్ర చూసి గోదాట్లో మునక్కండి.

ఎండలో పొలం పనికి, చెరువు గట్టు మీదికి వెళ్లేవాళ్లు చెవి వెనక మిషన్‌కి బట్ట తొడుగు వేసుకోవాలి. చెమట తొడుగు అని అడిగితే ఇస్తారు. నానిన తొడుగుని మార్చి ఆరేయండి. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల దగ్గర పైకి లేచే తుంపరలో ఉప్పు ఉంటుంది. అక్కడ పనున్నంతసేపూ మిషన్ జేబు డబ్బాలో ఉండటమే మంచిది. కుప్పనూర్పుల దగ్గర, రైసుమిల్లులో ఊక దుమ్ము రేగేటప్పుడూ అంతే.

పంటు మీద, నాటు పడవ మీద గోదావరి దాటేవాళ్లు, మోటారు సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకునేవాళ్లు క్లిప్పు ఉన్న చిన్న తాడు కొనుక్కోండి. ఒక చివర మిషన్‌కి, రెండో చివర చొక్కా కాలరుకి. హెల్మెట్ తీసేటప్పుడు మిషన్ ఎగిరిపడి దొరక్కుండా పోవడం తరచుగా జరిగేదే. రేవులో పడిందా, ఇక గోదారమ్మకే.

2015లో జరిగిన పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. పుష్కర స్నానానికైనా, శివరాత్రికైనా, అంతర్వేది తీర్థంలో సముద్ర స్నానానికైనా మిషన్ మెట్లు దిగకముందే తీసి, సెల్ విప్పి, డబ్బాలో పెట్టి గట్టు మీద ఉండే మనిషికి ఇవ్వండి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మిషన్ తీసిన మనిషికి ఆ జనంలో మైకులో పిలిచినా వినపడదు. కాబట్టి స్నానం అయ్యాక ఎక్కడ కలవాలో ముందే వేలుపెట్టి చూపించండి. మొలలో ఒక చీటీ మీద ఫోన్ నంబరు ఉండాలి. ఒంటరిగా నీళ్లలోకి పంపకండి.

మిషన్ నీళ్లలో పడితే వెంటనే ఆఫ్ చేసి, సెల్ తీసి, మూత తెరిచి, గుడ్డతో అద్ది, లోపలి నీళ్లు రాలిపోయేలా మెల్లగా విదిలించి సిలికా డబ్బాలో కనీసం ఒక రోజంతా ఉంచండి. ‘పనిచేస్తోందో లేదో చూద్దాం’ అని మధ్యలో ఆన్ చేయకండి. ఛార్జింగ్ మిషన్ అయితే పూర్తిగా ఆరేదాకా ఛార్జరులో పెట్టకండి. పడింది ఉప్పునీళ్లలో అయితే ఆరబెట్టి ఊరుకుంటే చాలదు. నీరు ఎగిరిపోయినా ఉప్పు లోపలే ఉండి రేకుల్ని తినేస్తుంది. అదే రోజు సెంటరుకి పట్టుకెళ్లండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. 1996 నవంబరులో కోనసీమని తుడిచిపెట్టిన తుఫాను చూసినవాళ్లకి కరెంటు లేని రాత్రులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఛార్జింగ్ మిషన్ వాడేవాళ్లు తుఫాను కబురు వినగానే మిషన్‌ని, పవర్ బ్యాంకుని నిండా ఛార్జ్ చేసి పెట్టుకోవాలి. చాలా ఛార్జరు డబ్బాలు ఫోను వైరుతోనే పనిచేస్తాయి, మీది పనిచేస్తుందేమో ఇప్పుడే తగిలించి చూడండి. సెల్ రకం వాళ్లు రెండు ప్యాకెట్లు పొడి డబ్బాలో సిద్ధంగా ఉంచుకోవాలి. ఏది కొనాలి అని లంక గ్రామాల వాళ్లు అడిగితే నా ఓటు సెల్ రకానికే. వేళ్లు వణికి సెల్ మార్చుకోలేని పెద్దవాళ్లకి మాత్రం ఛార్జింగ్ రకమే సుఖం. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే మిషన్, సెల్లు, సిలికా పొట్లం ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలోనే వేయండి. హెచ్చరికలు వినపడకపోవడం అసలు ప్రమాదం.

‘నిన్నటిదాకా బానే ఉందండి, పొద్దున్నుంచీ పలకట్లేదండి’

సెంటరుకి ఫోన్ చేసేముందు వరసగా ఇవి చూడండి.

1. కొత్త సెల్ వేయండి. కూడిక గుర్తు ఉన్న చదునైన వైపు, మూత మీది గుర్తుకి సరిపోవాలి. మూత బలవంతంగా మూయాల్సి వస్తోందంటే సెల్ తిరగబడింది.
2. ఆన్‌లోనే ఉందా, వాల్యూము తగ్గిపోయిందా, పొరపాటున వేరే ప్రోగ్రామ్‌లోకి వెళ్లిందా చూడండి.
3. వ్యాక్స్ గార్డ్ మార్చండి. మౌల్డు రకమైతే గొట్టం విడదీసి, మిషన్ కొక్కెం దగ్గరే శబ్దం వస్తోందేమో వినండి. అక్కడ వస్తోందంటే తప్పు మౌల్డుదే, మిషన్‌ది కాదు.
4. ఒక రాత్రి సిలికా డబ్బాలో ఉంచి మళ్లీ చూడండి. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి గరగరలాడే మిషన్లకి జబ్బు చెమ్మే.

ఊరికే కుయ్యిమని కూస్తుంటే మౌల్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా వదులైంది, లేదా గొట్టం పగిలింది. ఇవేవీ కాకపోతే చెవిలో గుబిలి నిండి శబ్దం వెనక్కి కొడుతోంది. ఒళ్లు తగ్గిన పెద్దవాళ్లకీ, ఎదిగే పిల్లలకీ పాత మౌల్డు సరిపోదు, కొత్త కొలత ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా పలకకపోతే మీరు విప్పకండి, సెల్ ఫోన్ రిపేరు షాపులోనూ విప్పించకండి. వారంటీ పోతుంది.

వాడకుండా దాచినా పాడవుతుంది

కొందరు పెళ్లిళ్లకీ పేరంటాలకీ మాత్రమే మిషన్ తీస్తారు. బీరువాలో బట్టల మధ్య, సెల్‌తో సహా నెలల తరబడి దాస్తే ఆ సెల్ కారి మిషన్‌ని తినేస్తుంది. పైగా చెవికి అలవాటు తప్పి, పెట్టుకున్న రోజున అన్నీ గోలగా వినిపిస్తాయి. కొన్నాళ్లు నిజంగా వాడక్కర్లేకపోతే సెల్ తీసేసి సిలికా డబ్బాలో ఉంచండి. ఇంట్లో కుక్క ఉంటే అందనంత ఎత్తున పెట్టండి. గుబిలి వాసనకి, కూతకి వచ్చి నమిలేస్తాయి. ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ తీసేముందు తప్పనిసరిగా తీసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి, దిండు కింద పెట్టకండి. దుప్పట్లతో పాటు చాకిరేవుకి పోతుంది.

జాగ్రత్తగా వాడితే మిషన్ అయిదేళ్ల దాకా వస్తుంది. ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించి, దానికి తగ్గట్టు మిషన్ మళ్లీ సెట్ చేయించాలి. వికలాంగులకి ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో మిషన్ తీసుకున్నవాళ్లు ఇచ్చిన కాగితాలన్నీ భద్రపరచుకోండి. మరమ్మతుకైనా, మళ్లీ దరఖాస్తుకైనా అవే అడుగుతారు.

సర్వీసుకి వెళ్లడానికి మంచి సమయాలు రెండు. వానలు మొదలవకముందు మే నెలాఖరు, తుఫాన్లు అయ్యాక జనవరి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్లకి బస్సెక్కే ముందు ఫోన్ చేసి, టెక్నీషియన్ ఆ రోజు ఉంటాడో లేదో కనుక్కోండి. మిషన్ ఒక్కటే కాకుండా మౌల్డు, ఛార్జరు, వాడుతున్న సెల్ ప్యాకెట్టు కూడా తీసుకెళ్లండి. ఏ సమయంలో, ఏ చోట ఆగిపోతోందో ఒక కాగితం మీద రాసుకోండి. మిషన్ వాళ్ల దగ్గర ఉంచాల్సి వస్తే సీరియల్ నంబరు వేసిన రసీదు తీసుకుని, అది తిరిగొచ్చేదాకా వాడుకోవడానికి వేరే మిషన్ ఇస్తారేమో అడగండి. అడిగినవాళ్లకి చాలా చోట్ల ఇస్తారు.